పలుగురాతి దుమ్ము

ఆ పొగ కొట్టే పక్క కూర్చోవద్దురా అబ్బోడా, లేచి ఇట్ల రా. నువ్వూ జరుగు తల్లీ. సంక్రాంతికి వచ్చిన ప్రతిసారీ అడుగుతారు కదా, తాత దుమ్మన్నా పొగన్నా ఎందుకట్ల లేచి పోతాడని. ఈ రాత్రి చెప్తా. ఇది మా తాత సంగతి, మా నాయన సంగతి. కుప్పం చుట్టూ ఉండే పల్లెల్లో చానా ఇండ్లల్లో ఇట్లాంటిది ఒకటి ఉంటుంది. చెప్పేవాళ్లు ఒక్కొక్కరే పోతా ఉండారు. అందుకని మీ చెవిన వేస్తా ఉండా.

మీరు బెంగుళూరు నుంచి రైల్లో వచ్చేటప్పుడు బంగారుపేట స్టేషను దాటుతారు. ఆడ దిగి ఇంకో బండి ఎక్కితే కోరమండల్, ఊరిగాం, చాంపియన్, చివరికి మారికుప్పం. అదంతా కోలారు బంగారు గనుల సీమ. సినిమా వచ్చినంక మీరు కేజీఎఫ్ అంటే హీరోను తలచుకుంటారు. మాకు ఆ పేరు వింటే గుర్తొచ్చేది సైరను, దగ్గు. 1880లో తెల్లోళ్లు ఆడ పెద్ద ఎత్తున తవ్వడం మొదలుపెట్టినారు. 1902లో కావేరి మీద శివనసముద్రం దగ్గర కరెంటు పుట్టించి, తీగలు లాగి గనులకు తెచ్చినారు. బెంగుళూరు వీధుల్లో కరెంటు దీపం వెలిగింది ఆ తరువాత, 1905లో. భూమిలోకి మూడు కిలోమీటర్లకు పైన దిగినారు. నూట ఇరవై ఏండ్లలో దగ్గర దగ్గర 800 టన్నుల బంగారం తీసినారని లెక్క. లోపలికి దిగినోళ్లలో ఆర్కాటు తమిళోళ్లు ఎక్కువ. మన చిత్తూరు జిల్లా పల్లెలోళ్లు, కోలారు పల్లెలోళ్లు కూడా చానామంది.

మా తాతకు మెట్ట చేను ఉండేది. వానలు లేని ఏడు రాగులు కూడా ఇంటికి రాలేదు. పైగా అప్పు. మేస్త్రీ ఒకడు ఊళ్లోకి వచ్చి, గనుల్లో కూలి రొక్కంగా ఇస్తారు, వారానికొకసారి చేతిలో పడతాదని చెప్పినాడు. వయసులో ఉండే మొగోళ్లు నలుగురైదుగురు సంగటి ముద్దలు మూట కట్టుకోని నడిచి పోయినారు. వాళ్లలో మా తాత ఒకడు. ఆడ కూలోళ్లకు తడికల ఇండ్లు వరసగా కట్టి ఉండేవి, లైన్లు అనేవాళ్లు. ఒక లైన్లో తమిళం, ఇంకో లైన్లో తెలుగు. కొన్నాళ్లకు మా అవ్వ కూడా చంటి బిడ్డనెత్తుకోని పోయి చేరింది. ఆ చంటి బిడ్డే మా నాయన.

తాత చేతికి డ్రిల్లింగు మిషను ఇచ్చినారు. బలమైన మనిషి, అందుకని. కేజీ అనే ఇనప బోనులో నిలబడితే సర్రున కిందికి దించేస్తుంది. లోతుకు పొయ్యేకొద్దీ రాయి కాలిపోతా ఉంటుంది. చివరి అంతస్తుల్లో రాయి వేడి 60 డిగ్రీలు దాటేది. గోచీ కట్టుకోని, ఒళ్లంతా చెమటతో, మిషనును భుజంతో రాతికి అదిమిపట్టి బొక్కలు వెయ్యాల. ఆ బొక్కల్లో మందు దట్టించి పేలుస్తారు. పొగ తగ్గినంక ముక్కలెత్తి పైకి పంపిస్తారు. పైన మిల్లులో ఆ రాయిని పిండి పిండిగా కొట్టి, సయనైడు నీళ్లతో బంగారం లాగుతారు.

ఇంతకీ ఆ రాయి ఏది? పలుగురాయి. మన చేన్లో దున్నేటప్పుడు తెల్లగా తగులుతుందే, అదే. దాని పొరల్లోనే బంగారం ఉండేది. పలుగురాయి అంటే దాదాపు అంతా సిలికానే. తాత కాలంలో మిషను పొడిగా తొలిచేది. బొక్కలో నుంచి తెల్లటి దుమ్ము లేచి ముఖానికి కొట్టేది. షిఫ్టు దిగి వచ్చినప్పుడు కనుబొమ్మలు కూడా తెల్లగా ఉండేవని మా అవ్వ చెప్పేది. ఆ బట్టలు విదిలించి ఉతికింది ఆమే.

వాళ్లకు భయం లేదా అంటే చానా ఉండేది. కానీ దుమ్మును చూసి కాదు. కోలారు గనుల్లో భయమంటే రాక్ బరస్ట్. అంత లోతులో రాయి తన మీదుండే బరువు తట్టుకోలేక ఉన్నట్టుండి పగిలి పేలేది. పైన లైన్లలో ఇండ్లు అదిరేవి, ఉట్టి మీద కుండలు ఊగేవి. ఆడోళ్లు చేతిలో పని యాడిదాడ వదిలేసి, బిడ్డల్నెత్తుకోని గని బావి నోటికి, అదే శాఫ్టు దగ్గరికి పరుగెత్తేవాళ్లు. పైకి వచ్చే కేజీలో తమ మనిషి ఉంటే ఆ రాత్రికి మారెమ్మకు కొబ్బరికాయ. మా అవ్వ ఆ కొబ్బరికాయలు ఎన్ని కొట్టిందో. రాతి కింద పడకుండా మొగుడు ప్రతిసారీ బతికొచ్చినాడు, అమ్మవారు చల్లగా చూసిందనుకునింది. మనిషి లోపలికి ఏం పోతా ఉందో ఆమెకు ఎవరు చెప్పినారు? తాతకు మాత్రం ఎవరు చెప్పినారు?

నేను బడిలో సైన్సు చెప్పినోణ్ని కాబట్టి ఇది మీకు వివరంగా చెప్పాల. కంటికి కనబడే దుమ్ము మనిషిని అంత చెయ్యదు. ముక్కులో చిక్కుతుంది, కళ్లెలో బయటికి వస్తుంది. ప్రాణం తీసేది కంటికి కనబడనిది. వెంట్రుక మందంలో పదోవంతు కూడా లేని రేణువు. అది గాలితో పాటు ఊపిరితిత్తుల చివర, నెత్తురు గాలిని అందుకునే గాలిగదుల దాకా పోతుంది. ఆడ కావలి కాసే కణాలుంటాయి. ఏదైనా బయటి వస్తువు వస్తే మింగి అరిగించుకోవడం వాటి పని. సిలికా రేణువును మింగితే అవే చచ్చిపోతాయి. చచ్చినప్పుడు మళ్లీ రేణువు బయట పడుతుంది, ఇంకో కణం వచ్చి మింగుతుంది, అదీ చస్తుంది. ఈ పోరు జరిగే చోటంతా ఒళ్లు పుండు మానినట్టు నారలాంటి మచ్చ కడుతుంది. మచ్చ కట్టిన చోట ఊపిరితిత్తి సాగదు, గాలిని నెత్తురుకు అందించదు. ఇదంతా పదేండ్లో ఇరవయ్యేండ్లో పట్టే పని. దుమ్ము మరీ ఎక్కువైతే కొద్ది ఏండ్లలోనే అయిపోతుంది. మనిషి ఆ పని మానేసినా లోపల మచ్చ పెరగడం ఆగకపోవచ్చు. దాన్నే సిలికోసిస్ అంటారు. కట్టిన మచ్చను కరిగించే మందు ఈ రోజుకీ లేదు.

తాత నలభై దాటినంక కేజీ నుంచి ఇంటి దాకా నడిచేలోపల రెండుసార్లు నిలబడేవాడంట. అలుపు అనుకున్నారు. తరువాత మిషను పట్టలేకపోయినాడు. పని వదిలేసి పెండ్లాం బిడ్డల్తో ఊరికి తిరిగి వచ్చేసినాడు. ఈ ఊరి గాలి తగిలితే కుదురుకుంటాడని అందరూ అన్నారు. కుదురుకోలేదు. మంచం మీద వెల్లకిలా పండుకుంటే ఊపిరి ఆడేది కాదు. ముందర మూటలు పెట్టుకోని, వాటి మీదికి వంగి రాత్రంతా కూర్చునేవాడు. దగ్గితే ఒక్కోసారి నెత్తురు. ఊరి వైద్యుడు చూసి క్షయ అన్నాడు. అంతే, తాత గిన్నె వేరే పెట్టినారు, బావి గట్టు మీదికి రావద్దన్నారు. పాపపు సొమ్ముకు పొయ్యి రోగం తెచ్చుకున్నాడన్నారు. వైద్యుడు చెప్పింది పూరా తప్పని నేననను. సిలికా మచ్చ కట్టిన ఊపిరితిత్తుల్లో క్షయ సులభంగా కాలు పెడుతుంది. మామూలోళ్ల కన్నా ఇట్లాంటోళ్లకు టీబీ ఎన్నో రెట్లు ఎక్కువగా వస్తుంది. గనుల్లో రెండూ కలిసి ఎంతోమందిని తినేసినాయి. కానీ క్షయ అన్న మాటతో అసలు కారణం కప్పబడిపోయింది. ఏం పని చేస్తా ఉంటివి నాయనా, ఎన్నేండ్లు చేస్తివి అని ఆ వైద్యుడు అడగలేదు. తాత పోయినప్పుడు క్షయతో పోయినాడనే అన్నారు.

మన దేశంలో సిలికోసిస్ ఉందని మొదట బయటపడింది కోలారు గనుల్లోనే, 1934లో. తరువాత 1940 నుంచి 46 దాకా పెద్ద ఎత్తున పరీక్షలు చేసినారు. ఏడు వేలకు పైగా కార్మికుల్ని చూస్తే నూటికి నలభై మందికి పైన ఈ జబ్బు తేలింది. ఇంకోసారి వినండి, నూటికి నలభై మందికి పైన. అదీ పనిలో ఉండేవాళ్లను చూస్తేనే. ఊపిరాడక పని మానేసి పల్లెలకు వచ్చేసినోళ్లు ఆ లెక్కలోకి ఎట్ల వస్తారు? బంగారం ఎంత తీసినారో పుస్తకాల్లో ఉంది. మన పల్లెల్లో మూటల మీద వంగి ఊపిరి పీల్చిన మొగోళ్లు ఎంతమందో ఏ పుస్తకంలోనూ లేదు. నాకు కోపం వచ్చేది ఈడనే.

మా నాయన కూడా గనికే పోయినాడు. తండ్రిని అట్ల చూసి కూడా ఎందుకు పోయినాడని అడుగుతారు. చేను అదే, అప్పు అదే. పైగా అది దుమ్ము జబ్బని ఇంట్లో ఎవరికి తెలుసు? అయితే నాయన కాలానికి ఒక మార్పు వచ్చింది. నీళ్లొచ్చినాయి. డ్రిల్లు ఉక్కు కడ్డీ మధ్యలో బొక్క ఉంటుంది. దాని గుండా నీళ్లు పోయి, రాయి తొలిచే మొన దగ్గరే దుమ్మును తడిపి బురదగా కిందికి దించేస్తాయి. పేల్చిన రాళ్ల మీద కూడా నీళ్లు కొట్టినంకే ఎత్తేవాళ్లు. ఇంత చిన్న ఉపాయం. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు. నీళ్లు కొడితే దుమ్ము లెయ్యదని పొద్దున్నే వాకిలి చిమ్మే ఆడకూతురికి తెలుసు. తాత చేతికి ఆ నీళ్ల మిషను ఇచ్చుంటే నేను ఆయన ఒళ్లో ఆడుకునేవాణ్ని.

అట్లని నాయన పూరా తప్పించుకోలేదు. ముక్కుకు తువ్వాలు కట్టుకునేవాడు. గుడ్డ కంటికి కనబడే దుమ్మునే ఆపుతుంది, సన్నదాన్ని ఆపదు. వయసు మీరినంక ఒకసారి ఛాతీ ఎక్సరే తీయించినాము. డాక్టరు ఆ ఫిల్మును వెలుతురుకు పట్టి చూపిస్తే, రెండు పక్కలా పైభాగంలో నూకలు చల్లినట్టు చుక్కలు. ఆయన వెంటనే అడిగినాడు, పెద్దాయనా, గనుల్లో చేసినావా అని. మా నాయన ముఖం చూడాల్సింది అప్పుడు. తన నాయనకు ఏమైందో ఆ నిముషంలో తెలుసుకున్నాడు. ఇంటికి వచ్చి మా అవ్వ ఫోటో ముందర చానాసేపు నిలబడినాడు. చివరి రోజుల్లో కొంచెం ఆయాసపడినాడు కానీ మనుమల్ని ఎత్తుకోని, వాళ్ల పెండ్లిండ్లు చూసి పోయినాడు. తండ్రికీ కొడుకుకూ ఉండే తేడా ఆ నీళ్లదే.

లోపలికి దిగనోళ్లకు కూడా దుమ్ము తప్పలేదు. మిల్లులో బంగారం లాగేసినంక మిగిలే పిండిని ఊరి పక్కనే పోసినారు. సయనైడు దిబ్బలంటారు. పదమూడు దిబ్బలు, మూడు కోట్ల టన్నులకు పైనే పిండి. రైల్లో పోతే కొండల్లాగా కనబడతాయి. ఆషాఢం గాలి లేస్తే ఆ దిబ్బల మీద నుంచి తెల్లగా దుమ్ము లేచి ఊరంతా కమ్మేది. అన్నంలో కరకర, నీళ్ల బిందెలో అడుగున మడ్డి. మా చిన్నతనంలో ఎండాకాలం సెలవులకు పోతే ఆ దిబ్బలెక్కి జారేవాళ్లం. పెద్దోళ్లు తిట్టేవాళ్లు, సయనైడు ఉందని. అందులో పలుగురాతి పిండి ఉందని తిట్టినోళ్లు లేరు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేసినారు. దిబ్బలు మాత్రం ఆడనే ఉండాయి, గాలి కూడా ఆగలేదు.

ఇదంతా అయిపోయిన సంగతి అనుకోవద్దండి. పేపర్లో చదివి రాత్రి నిద్ర పట్టని వార్త ఒకటుంది. మధ్యప్రదేశ్‌లో ఝాబువా, అలీరాజ్‌పూర్ గిరిజనులు కూలికి గుజరాత్‌లోని గోధ్రాకు పోయినారు. ఆడ మిల్లుల్లో పలుగురాయిని పిండి కొట్టే పని. అదే రాయి! ఊరికి తిరిగొచ్చి పడుచు వయసులోనే ఒక్కొక్కరే రాలిపోయినారు. 238 మంది చనిపోయినారని తేల్చి, ఒక్కో కుటుంబానికి 3 లక్షల రూపాయలు ఇవ్వాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2010లో చెప్పింది. సుప్రీంకోర్టు దాకా పోరాడితే గానీ ఆ డబ్బు కదల్లేదు. మా తాతది నూరేండ్ల కిందటి మాట అనుకుంటే, మన కండ్ల ముందరే మళ్లీ అదే జరిగింది.

ఇంకొకటి చెప్తే నా మనసు భారమవుతుంది. ముప్పై ఏండ్లు పిల్లల చేత బలపంతో అ ఆలు దిద్దించినా. ఆ బలపాలు కోసేది మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో. బలపం రాతిని రంపాలతో కోసే ఆ కార్మికుల్ని పరీక్ష చేస్తే సగానికి పైగా మందికి సిలికోసిస్ ఉందని తేలింది. పలకలకు పేరుబడ్డ మన మార్కాపురం వైపు రాయి కోసినోళ్లది కూడా దుమ్ములో బతుకే. మనకు చదువిచ్చిన చేతులవి. ఏ వాచకంలోనూ వాళ్ల మాట లేదు.

ఇప్పుడు మన టౌన్లో చూస్తా ఉండా. ఇల్లు కట్టేచోట పిల్లోడు చేత్తో గ్రైండరు పట్టుకోని గ్రానైటు కోస్తా ఉంటాడు, తెల్లటి దుమ్ములో మనిషే కనబడడు. మా తాత ఇట్లనే ఉండుంటాడని నిలబడిపోతా. నీళ్లు పోస్తా కోస్తే దుమ్ము చానా తగ్గుతుంది. గోడలకు బురద చిమ్ముతుందని ఇంటోళ్లే వద్దంటారు. వంటింటి గట్టుకు ఇప్పుడు మిషన్లో చేసిన రాయి కూడా వస్తా ఉంది, పలుగురాతి పిండిని జిగురుతో అచ్చు పోసేది. దాన్ని కోసే కార్మికులు పడుచు వయసులోనే మంచం పడతా ఉంటే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ రాయినే నిషేధించింది. అట్ల చేసిన మొదటి దేశం అదే. మన దగ్గర దాన్ని గొప్పగా చెప్పుకోని అమ్ముతా ఉండారు.

ఊపిరితిత్తులకు మచ్చ కట్టేది రాతి దుమ్ము ఒక్కటే కాదు తల్లీ. హైదరాబాదులో మా వియ్యపురాలు ఏనాడూ రాయి ముట్టని మనిషి. రెండేండ్లు పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. చివరికి ఒక డాక్టరు అడిగినాడంట, ఇంట్లో కూలరుందా, బాల్కనీలో పావురాలుండాయా అని. రెండూ ఉండాయి. కూలరు గడ్డి తెరల్లో తేమకు బూజు పడుతుంది, ఆ బూజు గాలితో పాటు ముఖానికి కొడుతుంది. పావురాల రెట్ట ఎండి పొడిగా లేస్తుంది. పడనోళ్ల ఊపిరితిత్తులు వాటి మీద తిరగబడి, వాచి, అట్లనే ఏండ్లు గడిస్తే మచ్చ కడతాయి. 2017లో మన దేశంలో 19 నగరాల లెక్క ఒకటి బయటికి వచ్చింది. ఊపిరితిత్తుల లోపలి కణజాలం చెడిన 1,084 మందిని చూస్తే, నూటికి 47 మందికి ఈ తరహా జబ్బే. చానామంది ఇండ్లల్లో కూలర్లు. రోగి ఇంటి గాలి ఎట్లాంటిదని అడిగిన డాక్టరు దొరికినాడు కాబట్టి మా వియ్యపురాలు ఇప్పటికీ ఫోన్లో కబుర్లు చెప్తా ఉంది. కూలరు తీసేసినారు, బాల్కనీకి వల కట్టినారు. నువ్వు కూడా బెంగుళూరులో పావురాలకు గింజలు వేస్తా ఉండావని మీ అమ్మ చెప్పింది. వెయ్యొద్దు.

మళ్లీ రాతి దుమ్ము సంగతికొస్తే, చట్టాలు లేక కాదు. 1952 గనుల చట్టంలోనే రాసినారు, ఇట్లాంటి జబ్బును చూసిన డాక్టరు గనుల తనిఖీ పెద్దకు తెలియజేయాలని. కానీ జబ్బు బయటపడేసరికి మనిషి గనిలో ఉండడు. పల్లెలో ఉంటాడు. పల్లె డాక్టరుకు అతని పని తెలియదు, చెప్పాలని ఇతనికీ తెలియదు. రాజస్థాన్ 2019లో రాతి కార్మికుల కోసం సిలికోసిస్ విధానం అని ఒకటి తెచ్చి, జబ్బు తేలినోళ్లకు, పోయినోళ్ల కుటుంబాలకు డబ్బు సాయం పెట్టింది. గ్రానైటు, పలక, పలుగురాయి ఇంత తవ్వుకునే మన రెండు రాష్ట్రాలకూ అట్లాంటిది కావాల. ఇది నేను గట్టిగా అడుగుతా ఉండా.

ఇప్పుడు మన గుడుపల్లె మండలంలో చిగురుగుంట, బిసానత్తం బంగారు గనుల్ని మళ్లీ తవ్వుతారనే మాట నడుస్తా ఉంది. కోలారుతో పాటు 2001లో మూతపడినవే అవి. పనులొస్తాయని పిల్లోళ్లు సంతోషపడతా ఉండారు, పడనీ. తవ్వితే నీళ్లు కొట్టి తవ్వాల. పనిలో చేరేరోజు ఒక ఛాతీ ఫిల్ము, ఆ తరువాత వరసగా ఫిల్ములు తియ్యాల. పని మానేసి ఊరికి వచ్చినోణ్ని కూడా పిలిచి తియ్యాల. మీరు చదువుకున్నోళ్లు, ఊరి తరఫున ఈ మాటలు అర్జీలో రాసి పెట్టండి. ఇంకొక పని కూడా చెయ్యండి. రాయి కోసినోళ్లు, గనుల్లో దిగినోళ్లు, మిల్లుల్లో పిండి కొట్టినోళ్లు ఎవరైనా దగ్గుతా కనబడితే ఆస్పత్రికి తీసుకపోండి. కళ్లె పరీక్ష చేయించండి. దాంతో పాటు, ఏం పని చేసినారో, ఎన్నేండ్లు చేసినారో డాక్టరుతో చెప్పి ఆ చీటీ మీద రాయించండి.